నూట ముప్పై ఒకటి

పొద్దున ఏడింటికి పటగోనియా గాలి
గ్యారేజీ రేకుల్ని పళ్ళతో పట్టి గుంజుతోంది.
కారుకి ఇంకా మెలకువ రాలేదు.
ఆయిల్ ట్యాంకుకి కరెంటు దుప్పటి చుట్టి
దోన్ ఇయోర్వెర్త్ పక్కనే స్టూలేసుకున్నాడు,
జ్వరమొచ్చిన మనవడి దగ్గర కూర్చున్నట్టు.
కాకపోతే ఈయన జ్వరం రావాలని కూర్చున్నాడు.

"అరవై దాటేదాకా తాళం ముట్టుకోకు."
ఏవారిస్తో గ్లవ్స్ తొడిగాడు, విప్పాడు, మళ్ళీ తొడిగాడు.
ఆలస్యం విషమే కావచ్చు,
గడ్డకట్టిన తేనెలాంటి నూనె దగ్గర
తొందర అంతకన్నా విషం.

నా పని టేపు.
రేడియేటర్ నోటికి అడ్డంగా
పొద్దున నాలుగు వేళ్ళ వెడల్పు,
ఎండెక్కాక రెండు,
రేసు మొదలయ్యేసరికి ఒక్క వేలు.
నీళ్ళు ఎనభై ఎనిమిది దగ్గర, నూనె నూట ఐదు దగ్గర.
అటు జారినా ఇటు జారినా బురదే,
అంత సన్నటి గట్టు.

నీళ్ళకి ముక్కు మీద కోపం.
ఇట్టే మండిపడతాయి,
నాలుగు గుక్కల గాలి దొరికితే ఇట్టే మర్చిపోతాయి.
నూనె అలా కాదు.
మా పెద్దత్త ఎలునెడ్ లాగా
పదేళ్ళ కిందటి మాటకి
ఈ ఆదివారం భోజనాల దగ్గర బదులిస్తుంది.

మధ్యాహ్నం గాలి పడమటికి తిరిగింది.
తిన్నటి దారిలో వెనకనుంచి తోస్తోంది,
కారుకి వేగమిచ్చి
రేడియేటర్‌కి ఊపిరి ఇవ్వకుండా.
పైగా ఏవారిస్తో కుఫ్రే తోకకి అతుక్కుపోయాడు.
ముందువాడు వదిలిన వేడి వీడి నోట్లోకి.

రేడియోలో: నీళ్ళు నూట నాలుగు.
రేడియోలో: నూట ఏడు.
"అర కారు పక్కకి జరుగు, పీల్చుకోనీ."
"జరిగితే వాడు పోతాడు."
"జరక్కపోతే ఇంజన్ పోతుంది."
ఇద్దరిదీ నిజమే.
నేను వదిలేసిన ఆ ఒక్క వేలు టేపు
నా గొంతుకి అడ్డంగా అంటుకుంది.
ఎవరికీ చెప్పలేదు.

తర్వాత నూనె వంతు. నూట ముప్పై ఒకటి.
ఆ అంకె చెబుతున్నప్పుడు
నలభై ఏళ్ళ మనిషిది చిన్నపిల్లాడి గొంతు.

"కాలు ముందే ఎత్తు. వంద బోర్డు దగ్గర కాదు,
రెండొందల దగ్గర. పై గేరులోనే ఉంచు."
గెలవడానికొచ్చినవాణ్ణి కాలెత్తమనడం,
అన్నం ముందు కూర్చున్నవాణ్ణి లేవమనడం.
ఎత్తాడు.
కుఫ్రే వెళ్ళిపోయాడు.
తెల్ల కారొకటి, ఎవరిదో కూడా చూడలేదు, దాటేసింది.
నీళ్ళు దిగాయి.
నూనె దిగలేదు.
నూట ముప్పై. మలుపు. నూట ముప్పై.
ఇంకో మలుపు. నూట ముప్పై.
గీత దాటే ముందు, నూట ఇరవై ఏడు.

నాలుగో స్థానం. దానికి కప్పూ లేదు, జాలీ లేదు.
లోపలికి రాగానే ఏవారిస్తో చెయ్యి తాళం మీదికి పోయింది.
"ఆపకు!" ముసలాయన అరిచాడు.
"పరిగెత్తిన గుర్రాన్ని అక్కడికక్కడే కట్టేస్తారట్రా?"
రెండు నిమిషాలు తనలో తను గొణుక్కోనిచ్చాడు.

ఆ రెండు నిమిషాల్లోనే కెటిల్ పొయ్యి మీద పెట్టాడు.
మాతే ఆకుకి నీళ్ళు మరగకూడదు,
మరిగితే ఆకు కమిలి చేదెక్కుతుంది.
ఎనభై అంటాడు, థర్మామీటరు లేదు.
అడుగున గులకరాళ్ళు దొర్లిన చప్పుడు రాగానే దించాడు.
ఇంజన్లనీ అలాగే విన్నాడట ఒకప్పుడు.
నమ్మాలో లేదో.
మాతే మాత్రం బాగుంది.

రాత్రి ఫిల్టరు కోసి
మడతల కాగితం బల్ల మీద పరిచాను.
లోకమంతా మెరిసేదాని కోసం వెతుకుతుంది.
నేను మెరుపు దొరక్కూడదని వెతుకుతాను.
ఒక మడత. నలుపు.
ఇంకో మడత. నలుపు.
చివరి దాంట్లో ఒక్క చుక్క, సూదిమొనంత, తెల్లగా.
ఏవారిస్తో పక్కన నిలబడి ఊపిరి తీయడం లేదు.
కాగితం కాస్త వంచాను.
చుక్క జరిగింది.
దీపమే.